కొండెక్కని కారు

“రంగొక్కటి మీరు చెబితే చాలు మేడమ్. మిగతావన్నీ సార్ నిన్ననే ఖాయం చేసి వెళ్ళారు.”

షోరూం అమ్మాయి ఎంతో సంబరంగా చెప్పింది. ఇవతల ఇంట్లో ఆమె ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని, భోజనాల బల్లకి అటువైపు కూర్చున్న భర్తకేసి చూసింది. ఆయన తల వంచుకుని, తినడం ఎప్పుడో అయిపోయిన కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

“ఏ కారమ్మా ఖాయం చేసింది?”

“చిన్నదే మేడమ్. చిన్న బ్యాటరీది. ఊళ్ళో తిరగడానికి...”

“నేను మళ్ళీ చేస్తాను” అని పెట్టేసింది.

కిటికీ పక్క కుర్చీలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారి చేతులు ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలాయి.

“మొన్న ఏమనుకున్నాం మనం?” అంది ఆమె.

“ఏమనుకున్నాం?”

“ఇద్దరం కలిసి వెళ్దాం అనుకున్నాం. అత్తయ్యని కూర్చోబెట్టి చూద్దాం అనుకున్నాం. ఆ తర్వాతే మాటిద్దాం అనుకున్నాం.”

“అనుకున్నాం. నాకు కాస్త తీరిక దొరికింది, వెళ్ళాను. నచ్చింది, చెప్పేశాను. ఇందులో కొంప మునిగిందేముంది?”

ఊళ్ళోని లిఫ్టులన్నీ తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. తాడు అరిగిందని ఆయన అంటే అరిగినట్టే. ఆయన సంతకం పడితేగానీ ఎంత గొప్ప భవనంలోనైనా లిఫ్టు కదలదు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఒకసారి తేల్చి చెప్పాక ఇక దాని మీద మాట్లాడేదేమీ ఉండదని ఆయన నమ్మకం.

“చూడు. పది అంతస్తుల బిల్డింగుకి నలభై అంతస్తుల మోటారు పెట్టం. ఎంత ఎత్తు, ఎంత బరువు, ఎంతమంది, రోజుకి ఎన్నిసార్లు, ఇవన్నీ చూసి పెడతాం. కారైనా అంతే. నువ్వు తిరిగేది ఊళ్ళో. నేను తిరిగేది ఊళ్ళో. రాత్రి కింద మన సెల్లారులో ప్లగ్గు పెడితే తెల్లారేసరికి నిండుతుంది. మళ్ళీ రాత్రి దాకా దాని జోలికి పోనక్కర్లేదు. ఇంకా పెద్ద బ్యాటరీ ఎందుకు? మోసుకు తిరగడానికా?”

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది.

“ఆ పై అంతస్తులో మన పిల్ల ఉందండీ” అంది.

ఆయన వేలు కంచంలో ఆగిపోయింది.

“కొండకి అవతల రేవు ఊళ్ళో, నెలలు నిండుతున్న మన పిల్ల. మీ లెక్కలో ఆ దూరం వేశారా?”

“బస్సుందిగా. నువ్వు వెళ్తానంటే ఏనాడైనా వద్దన్నానా?”

“నేను వెళ్ళడం గురించి కాదు నేనడిగేది. మనం వెళ్ళడం గురించి.”

ఆయన లేచి కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక్క కంచం కడగడానికి అంతసేపు పట్టదని ముగ్గురికీ తెలుసు.

*

ఆ ఇంట్లో కారు లేక రెండేళ్ళయింది.

పాత కారు కొండదారిలో పోయింది. వానాకాలం. ఆ రోజు బండి నడిపింది వీళ్ళ అమ్మాయి, పక్కన కూర్చున్నది ఆయన తమ్ముడు. మలుపు దగ్గర మెత్తబడిన మట్టి రోడ్డుతో సహా జారిపోయింది. ఎవరు నడిపినా అంతేనని, తప్పు ఎవరిదీ కాదని పోలీసులు కూడా రాశారు. తమ్ముడు పోయాడు. అమ్మాయి విరిగిన భుజంతో మిగిలింది.

భుజం అతుక్కున్నాక ఇల్లు వదిలి రేవు ఊరికి వెళ్ళిపోయింది. అక్కడే ఒక బడిలో ఉద్యోగం, అక్కడే ఒక మంచి కుర్రాడితో పెళ్ళి. పెళ్ళికి తల్లి ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. తండ్రి వెళ్ళలేదు. నానమ్మ వెళ్ళలేదు. మనవరాలి మాట వస్తే ఆ ముసలావిడ నోరు మెదపదు. కొడుకు పోయిన దుఃఖం, ఎవరు మాత్రం ఏమంటారు?

ఇన్నాళ్ళూ ఆమె అద్దె బళ్ళతోనే నెట్టుకొచ్చింది. ఫిజియోథెరపీ ఆమె వృత్తి. నడవలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వ్యాయామం చేయిస్తుంది. మడత పెట్టే బల్ల ఒకటి ఎప్పుడూ వెంట ఉంటుంది కాబట్టి పేషెంట్లు ముద్దుగా ‘బల్లమ్మ’ అంటారు. ఊరందరి భుజాలు బాగుచేసే బల్లమ్మకి ఆ బల్ల మోసీ మోసీ తన భుజమే పట్టేసింది. ఇక కారు కొనక తప్పదని మొదట అన్నది ఆయనే. ఆమెకి తెలియకుండా ఖాయం చేసిందీ ఆయనే.

*

మర్నాడు పొద్దున ఇద్దరు పేషెంట్లని చూసుకుని, బల్లతో సహా షోరూంకి వెళ్ళింది.

నిన్న ఫోన్ చేసిన అమ్మాయి పరుగున ఎదురొచ్చింది. చిన్న కారు వెనక తలుపు తెరిచి చూపించింది. బల్ల అడ్డంగా పట్టలేదు. వెనక సీటు ఒక పక్క మడిస్తే పట్టింది. ఆ మడవని పక్క కూర్చుని చూసింది బల్లమ్మ. మోకాళ్ళు పైకొచ్చాయి.

“సీటు బాగా కిందికి ఉందమ్మా. మా అత్తగారు ఇందులో కూర్చుంటే, లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి.”

“ఆ అమ్మగారు రోజూ ఎక్కుతారా మేడమ్?”

“రోజూ ఎక్కరు. అసలు ఇంట్లోంచే కదలరు.”

“అయితే నన్ను కొన్ని అడగనివ్వండి” అంటూ ఆ అమ్మాయి తనూ పక్కన కూర్చుంది. వయసులో చిన్నదైనా తొందరపెట్టే రకం కాదు. “రోజుకి ఎంత తిరుగుతారు? ఎక్కువగా ఆగి ఆగి వెళ్తారా, ఒక్క బిగిన వెళ్తారా? ఇంటి దగ్గర చార్జింగుకి వసతుందా? ఎంతమంది ఎక్కుతారు? ఊరు దాటి ఎక్కడికైనా వెళ్తారా?”

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. చివరి ప్రశ్న దగ్గర ఆగింది.

“కొండ అవతల, రేవు ఊరు.”

ఆ అమ్మాయి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. “ఉన్నమాట చెప్పమంటారా మేడమ్? మీ రోజువారీకి చిన్నదే సరిపోతుంది. ఊళ్ళో పెద్దది కొంటే దండగ కూడా. మామూలు రోడ్డయితే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి చార్జింగు పెట్టుకుని వెళ్ళిపోవచ్చు. కానీ ఆ కొండదారిలో అవతల దిగేదాకా చార్జింగు పెట్టే చోటు ఒక్కటీ లేదు. ఎక్కేటప్పుడు బ్యాటరీ గటగటా తాగేస్తుంది. దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే కాస్త చార్జి వెనక్కి వస్తుంది గానీ, తాగిందంతా రాదు. చిన్నది ఆ కొండెక్కి దిగుతుందని నేను మాటివ్వలేను.”

“మావారికి చెప్పావా ఈ మాట?”

“నేను చెప్పడమేంటి మేడమ్, సారే నన్నడిగారు. ఏది కొండ ఎక్కుతుంది, ఏది ఎక్కదు అని. ఎక్కనిదే కావాలన్నారు.” ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది. “నాకూ అర్థం కాలేదు మేడమ్. ఎందుకంటే అంతకుముందు సార్ పెద్దదాన్నే నడిపి చూశారు. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా. నేను పక్కన కూర్చున్నాను. ప్రతిసారీ కొండ మొదట్లో బస్సులాగే చోటు దాకా వెళ్ళడం, అక్కడ ఆపి కాసేపు పైకి చూడటం, వెనక్కి తిప్పేయడం. ఒకసారి చేతులు వణుకుతుంటే నేనే నడుపుకొచ్చాను.”

బల్లమ్మ పట్టేసిన భుజాన్ని రెండో చేత్తో నొక్కుకుంటూ అలాగే కూర్చుంది. రెండేళ్ళుగా ఆయనది కోపమనుకుంది. రాయిలాంటి మనిషి, కూతుర్ని క్షమించలేడు అనుకుంది. ఆ కోపంతోనే పక్కపక్కన పడుకుని, పక్కపక్కన తిని, లోపల్లోపల దూరం జరుగుతూ వచ్చింది.

“పెద్దది ఒక్క పూట మాకిస్తావా అమ్మా? ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలి.”

“సాయంత్రానికి తెచ్చిచ్చేస్తానంటే రేపు తీసుకెళ్ళండి మేడమ్. రేపు సెలవు, ఎవరూ అడగరు.”

*

“ఇదెందుకు తెచ్చావు?” అన్నాడు ఆయన, సెల్లారులో నిలబడ్డ పెద్ద కారుని చూసి.

“కొనడానికి కాదు. అత్తయ్య మోకాళ్ళకి ఎంత ఎత్తు సీటు కావాలో తెలియాలిగా. కూర్చోండి, అలా ఒక చుట్టు తిరిగొద్దాం.”

అత్తగారు సీటు అంచు పట్టుకుని, తిరిగి, తనంతట తనే కూర్చుంది. ఎవరి సాయమూ అవసరం పడలేదు. “కుర్చీలా ఉంది” అంది. ఈ మధ్య ఆవిడ నోట విన్న పొడుగాటి మాట అదే.

ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బల్లమ్మ నడిపింది. కారు ఏ చప్పుడూ లేకుండా బజారు దాటింది, రైలు గేటు దాటింది. చప్పుడు లేకపోవడంతో ముగ్గురూ మాట్లాడటం లేదన్న సంగతి మరీ స్పష్టంగా తెలుస్తోంది. ఊరి చివరి సిమెంటు గోడౌన్లు దాటాక ఆయన కదిలాడు.

“ఎటు?”

“తిన్నగా.”

“తిన్నగా వెళ్తే ఏమొస్తుందో నాకు తెలుసు. వెనక్కి తిప్పు.”

“మీరు తిప్పే చోటే తిప్పుతాను.”

ఆయన చప్పున ఆమె మొహంలోకి చూశాడు. షోరూం అమ్మాయి చెప్పేసిందని అర్థమైంది. మళ్ళీ రోడ్డుకేసి తిరిగాడు. సీటు బెల్టుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కొండ మొదట్లో టీ కొట్టు ముందు కారాపింది. పక్కనే రేవు ఊరి బస్సు ఆగి ఉంది. కొండెక్కే ముందు ప్రతి బస్సూ అక్కడ ఆగుతుంది. డ్రైవరు టైర్లు తన్ని చూసుకుంటున్నాడు. పైన రోడ్డు ఒక మలుపు తిరిగి చెట్లలోకి పోయింది.

“కోపం కాదు కదండీ మీది?” అంది ఆమె మెల్లగా.

ఆయన పట్టుకున్న బెల్టుని ఇంకా బిగించాడు.

“భయమని నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది? నేను నడిపేదాన్ని. మీరు కళ్ళు మూసుకుని కూర్చునేవారు. ఎంతమంది చేత ఒక్కొక్క అడుగూ వేయించాను, మీ చెయ్యి పట్టుకోలేకపోయేదాన్నా?”

“ఈ రోడ్డు చూసి భయపడుతున్నాననుకుంటున్నావా?” ఆయన ఆమెకేసి తిరిగాడు. “రోడ్డు దాటేస్తాను. అవతల దిగాక? తలుపు తీసి అది ఎదురుగా నిలబడితే? అన్న మాట వెనక్కి తీసుకోలేను కదా. ఏ మొహం పెట్టుకుని నిలబడను?”

“ఏ మాటరా?”

వెనక సీట్లోంచి వచ్చింది ఆ గొంతు.

ముందు కూర్చున్న ఇద్దరూ కదల్లేదు. ఆవిడ వెనకాల ఉందన్న సంగతే మరిచిపోయారు.

“ఏ మాటన్నావు దాన్ని?”

“ఏం లేదమ్మా.”

“నా చిన్నకొడుకు దాని పక్కనే పోయాడు కాబట్టి నా మొహం చూడలేక అది ఇల్లొదిలిందనుకున్నాను నేను. నన్ను చూస్తే దానికి బాధని, నేను వెళ్తే దాని పెళ్ళి పాడవుతుందని, నోరు కట్టుకుని కూర్చున్నాను. దాని పేరెత్తితే ఏడుస్తానని ఎత్తలేదు. ఏమన్నావురా?”

ఆయన ఎదురుగా ఉన్న అద్దంలోంచి కొండకేసి చూశాడు.  లిఫ్టు ఎక్కడ చెడిందో చెప్పే గొంతుతో, ఎత్తూ పల్లం లేకుండా చెప్పాడు.

“ఆసుపత్రిలో దాని భుజానికి కట్టు కడుతున్నారు. వెళ్ళి దాని ముందు నిలబడి, ‘వాడికి బదులు నువ్వెందుకు మిగిలావు’ అన్నాను.”

బయట ఎవరో గ్లాసులు కడుగుతున్నారు.

ముసలావిడ ఏడవలేదు. అరవలేదు. ముందు సీట్లోని కోడలి తలకేసి చూస్తూ అడిగింది.

“అప్పుడు నువ్వెక్కడున్నావు?”

“పక్కనే ఉన్నాను అత్తయ్యా.”

“విన్నావా?”

“విన్నాను.”

“విని?”

విని ఊరుకుంది ఆమె. ఆ రోజు భర్త తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఏదో అన్నాడు, సర్దుకుంటాడు అనుకుంది. తర్వాత కూతురితో ఎన్నోసార్లు ఫోన్లో మాట్లాడింది, ఆరోగ్యం అడిగింది, తిండి అడిగింది. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. రాకపోతే మానిపోతుందనుకుంది. కదపని కీలు బిగుసుకుపోతుందని రోజూ పదిమందికి చెప్పే మనిషి.

వెనక తలుపు తెరుచుకుంది.

“అత్తయ్యా, ఎక్కడికి? ఆగండి, నేను దింపుతాను.”

“ముట్టుకోకు” అంది ఆవిడ. తలుపు పట్టుకుని దిగింది. కాస్త తూలి నిలదొక్కుకుంది. మోకాళ్ళని తిట్టుకుంటూ, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, తిన్నగా బస్సు దగ్గరికి నడిచింది.

“ఇది రేవు ఊరి బస్సేనా బాబూ?” అనడం వినిపించింది. కండక్టరు చెయ్యందించాడు. లోపలినుంచి ఇంకెవరో రెండో చెయ్యి పట్టుకున్నారు. ఈ పూట దాకా రెండేళ్ళు వీధి గుమ్మం దిగని మనిషి మెట్టు మీద మెట్టు ఎక్కి బస్సులో మాయమైపోయింది.

ఆయన కారు దిగి పరుగెత్తి బస్సెక్కాడు. అలా పరుగెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు. బస్సు కిటికీలోంచి ఇద్దరి తలలూ కనిపించాయి. ముసలావిడ కూర్చుని ఉంది, ఆయన వంగి బతిమాలుతున్నాడు.

“దిగమ్మా. నీకు పడదు ఈ దారి. కాళ్ళు వాస్తాయి.”

“వాస్తే వాయనీ.”

“అమ్మా, నీకు దండం పెడతాను.”

“నాక్కాదు పెట్టాల్సింది.”

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. ఇంజను మొరాయించి అందుకుంది. “పెద్దాయనా, ఎక్కినట్టా దిగినట్టా? తేల్చండి, ఇక్కడ నిలబడకూడదు” అన్నాడు కండక్టరు.

ఆయన కిందికి చూశాడు. కారు పక్కన నిలబడ్డ భార్యని చూశాడు. ఒక చేత్తో పైన కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. తలుపు మూసుకుంది. ఆయన దిగలేదు.

బస్సు దుమ్ము రేపుకుంటూ కొండకేసి కదిలింది.

ఆమె కూతురికి ఫోను చేసింది. కూతురు వెంటనే ఎత్తింది.

“ఏంటమ్మా ఈ వేళప్పుడు? పేషెంట్లు లేరా?”

“ఇంట్లోనే ఉన్నావా?”

“ఇంకెక్కడుంటాను, పడుకునే ఉన్నాను. డాక్టరు లేవద్దందిగా. ఏమైంది?”

“మీ నానమ్మ బస్సెక్కింది. నీ దగ్గరికి.”

 కూతురి గొంతు చిన్నపిల్ల గొంతయిపోయింది. “నానమ్మా? నా దగ్గరికా? నిజంగా? ఒక్కతే ఎలా పంపావమ్మా, తనకి మోకాళ్ళు...”

“ఒక్కతే కాదు.”



“నాన్న ఉన్నాడా?” గొంతులో చిన్నపిల్ల పోయింది.

“ఉన్నారు. అమ్మా, ఆయన...”

“నానమ్మకి తలుపు తీస్తాను. లేవద్దన్నా లేచి నేనే తీస్తాను. ఆయనకి తియ్యను.”

“ఒక్కసారి నా మాట విను తల్లీ.”

“రెండేళ్ళు విన్నానమ్మా. నువ్వేమైనా అంటావేమోనని ప్రతి ఫోన్లోనూ విన్నాను.”

ఫోను కట్టయింది.

పైన బస్సు మొదటి మలుపు తిరిగి చెట్లలోకి వెళ్ళిపోయింది. ఆమె కార్లో కూర్చుంది. వెనక తలుపు ఇంకా తెరిచే ఉందని ముందున్న తెర మీద గుర్తు వెలుగుతోంది. దిగి, ఆ తలుపు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుని, కారుని కొండకేసి పోనిచ్చింది. రెండు మలుపుల తర్వాత బస్సు వెనకభాగం కనిపించింది. వెనక అద్దంలోంచి ఒక మనిషి, కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషి, కిందికి, తనకేసే చూస్తున్నాడు. అవతల తనకి ఏ తలుపూ తెరుచుకోదని ఆయనకి ఇంకా తెలియదు.